కాలువ నీళ్లు ఎవరి చేతిలో ఉన్నాయి? గోదావరి డెల్టాలో నీటి ఉద్యోగాలు, అధికారాలు, బాధ్యతలు

2024 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ అంతటా సాగునీటి సంఘాలకు ఎన్నికలు జరిగాయి. చాలా చోట్ల పోటీ లేకుండానే కమిటీలు ఏర్పడ్డాయి. అధ్యక్షులు వచ్చారు సరే, దాళ్వాలో, అంటే రబీ పంటకాలంలో, చేను నెర్రెలు విచ్చితే రైతు ఎవరి దగ్గరికి వెళ్లాలి? అధ్యక్షుణ్ణి అడిగితే జలవనరుల శాఖ ఇంజినీరు ఏఈ గారిని అడగమంటారు. ఏఈ గారు పైనుంచే నీళ్లు తగ్గాయంటారు. పైవాళ్లు ఎగువన జలవిద్యుత్ కేంద్రాలున్న సీలేరు నుంచి రావాల్సినంత రావడం లేదంటారు. వీళ్లలో ఎవరూ అబద్ధం చెబుతూ ఉండకపోవచ్చు. ఒక్కొక్కరి చేతిలో వ్యవస్థలో ఒక్కో ముక్కే ఉంది.

కాకినాడలోనో భీమవరంలోనో సివిల్ ఇంజినీరింగ్ చదువుతున్న పిల్లలకు ఇదే చిక్కు ఇంకో రూపంలో ఎదురవుతుంది. నీటి రంగంలో ఉద్యోగం అంటే డ్యాములు కట్టడమా, కంప్యూటర్ ముందు కూర్చుని వరద లెక్కలు వేయడమా, గట్టు మీద నిలబడి రైతులతో మాటలు పడటమా? ఈ రెండు ప్రశ్నల్నీ కలిపి చూడటమే మంచిది. ఎవరి చేతిలో ఏముందో తెలిస్తే, ఏ కుర్చీలో కూర్చుంటే ఏం చేయగలమో కూడా తెలుస్తుంది.

## ముందుగా: ఇది నిల్వ లేని వ్యవస్థ

ధవళేశ్వరం దగ్గర గోదావరి గౌతమి, వశిష్ఠ పాయలుగా చీలుతుంది. అక్కడ సర్ ఆర్థర్ కాటన్ రూపొందించిన ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భాగాలు. దాని స్థానంలో తర్వాత కట్టిన ఇప్పటి కాటన్ బ్యారేజీకి 175 గేట్లున్నాయి. ధవళేశ్వరం నుంచి తూర్పు డెల్టాకు, బొబ్బర్లంక నుంచి కోనసీమ ఉన్న మధ్య డెల్టాకు, విజ్జేశ్వరం నుంచి పశ్చిమ డెల్టాకు కాలువలు వెళ్తాయి. మొత్తం ఆయకట్టు సుమారు 10 లక్షల ఎకరాలు. అందులో సగం పశ్చిమ డెల్టాదే.

బ్యారేజీ అంటే రిజర్వాయరు కాదు. నదిలో నీటి మట్టాన్ని పైకి లేపి కాలువల్లోకి మళ్లించడమే దాని పని. ధవళేశ్వరం దగ్గర నిలబడేది సుమారు 3 టీఎంసీలే. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగుల నీరు. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు చొప్పున పారే ప్రవాహం. ఒక రోజంతా 11,574 క్యూసెక్కులు పారితే ఒక టీఎంసీ అవుతుంది. మూడు కాలువలకూ కలిపి పూర్తి స్థాయిలో నీళ్లు ఇవ్వాల్సి వస్తే, ఈ 3 టీఎంసీలు కొద్ది రోజులకు మించి రావు. కాబట్టి ఈ రోజు నదిలో ఎంత వస్తే అంతే కాలువకు.

జూలై నుంచి అక్టోబరు దాకా ఇది పెద్ద సమస్య కాదు, నీళ్లు కావలసినదానికన్నా ఎక్కువే. నవంబరు దాటితే నదిలో సహజ ప్రవాహం పడిపోతుంది. అప్పుడు డెల్టాను కాపాడేది సీలేరు. అక్కడి జలవిద్యుత్ కేంద్రాల్లో కరెంటు తీసి వదిలిన నీళ్లు శబరిలో కలిసి, కూనవరం దగ్గర గోదావరిలోకి వచ్చి, ధవళేశ్వరం చేరతాయి. అంటే భీమవరం దగ్గర వరి చేనుకు ఫిబ్రవరిలో నీళ్లు అందడం కొంతవరకు కరెంటు ఉత్పత్తి చేసే జెన్‌కో మీద ఆధారపడి ఉంది. నీళ్లు కావలసింది ఒక శాఖకు, వదలాల్సింది ఇంకో శాఖ.

## గట్టు మీది లస్కరు నుంచి ఈఎన్‌సీ వరకు

జలవనరుల శాఖ నిచ్చెనలో అన్నిటికన్నా కింది మెట్టు లస్కరు. స్లూయిజు తలుపు ఎత్తేది, దించేది, గట్టు మీద తిరిగేది, గుర్రపుడెక్క వచ్చి లాకుల దగ్గర పేరుకుంటే ముందుగా చూసేది ఆయనే. ఆయన పైన వర్క్ ఇన్‌స్పెక్టరు. ఆ పైన ఒక సెక్షన్‌కు ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) లేదా ఏఈఈ (అసిస్టెంట్ ఎగ్జిక్యూటివ్ ఇంజినీర్) ఉంటారు. డిప్లొమాతో వచ్చినవారు ఏఈ, ఇంజినీరింగ్ డిగ్రీతో ఏపీపీఎస్సీ పరీక్ష రాసి వచ్చినవారు ఏఈఈ. రైతులు ఇద్దరినీ ఏఈ గారనే అంటారు. సబ్ డివిజన్‌కు డీఈఈ (డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజినీర్), డివిజన్‌కు ఈఈ (ఎగ్జిక్యూటివ్ ఇంజినీర్), సర్కిల్‌కు ఎస్‌ఈ (సూపరింటెండింగ్ ఇంజినీర్), ఆ పైన చీఫ్ ఇంజినీర్, చివరగా ఈఎన్‌సీ, అంటే ఇంజినీర్ ఇన్ చీఫ్.

కాగితం మీద ఇది నిట్టనిలువు గీతలా ఉంటుంది. నిజానికి పక్కన కూడా చాలా ఉంది. ధవళేశ్వరంలో బ్యారేజీని చూసుకునే హెడ్ వర్క్స్ వేరు, సాగు కాలువల డివిజన్లు వేరు, మురుగు కాలువల డివిజన్లు వేరు. ఏ తేదీన కాలువలు వదలాలి, ఎప్పుడు కట్టేయాలి, దాళ్వాకు ఎన్ని ఎకరాలకు హామీ ఇవ్వాలి అన్నవి ఇంజినీర్లు ఒక్కరే తేల్చరు. జిల్లా సాగునీటి సలహా మండలిలో కలెక్టరు, మంత్రులు, ఎమ్మెల్యేలు, రైతు ప్రతినిధులు కూర్చుని తీర్మానిస్తారు. పేపర్లలో ఐఏబీ అని కనిపించేది ఇదే.

కింద ఇంకో నిచ్చెన ఉంది. 1997లో వచ్చిన సాగునీటి వ్యవస్థల రైతుల నిర్వహణ చట్టం ప్రకారం ప్రతి కాలువ కింద నీటి వినియోగదారుల సంఘం, వాటి మీద డిస్ట్రిబ్యూటరీ కమిటీ, దాని మీద ప్రాజెక్టు కమిటీ. సంఘం తన పరిధిలో నీటి వంతులు చూసుకోవాలి, చిన్న మరమ్మతులు చేయించాలి, తగాదాలు తీర్చాలి. సెక్షన్ ఇంజినీరు ఆ సంఘానికి సాంకేతిక సహాయం చేస్తారు. అధ్యక్షుడు ఆయనకు పై అధికారి కాదు, ఆయన అధ్యక్షుడికి పై అధికారి కాదు. గందరగోళం ఎక్కువగా పుట్టేది ఇక్కడే.

## ఒక దాళ్వా లెక్క

అంకెలు పెట్టి చూస్తే అధికారం ఎక్కడుందో ఇంకా బాగా తెలుస్తుంది. ఇవి లెక్క సులువు కోసం తీసుకున్న అంకెలు.

దాళ్వాలో 9 లక్షల ఎకరాల్లో వరి వేస్తారనుకుందాం. ఒక టీఎంసీకి పది వేల ఎకరాలు పండుతాయన్నది వరికి వాడే మోటు లెక్క. ఆ ప్రకారం 90 టీఎంసీలు కావాలి. 120 రోజుల్లో ఇవ్వాలంటే రోజుకు ముప్పావు టీఎంసీ, అంటే సగటున 8,700 క్యూసెక్కుల ప్రవాహం. దీన్నిబట్టి ఒక క్యూసెక్కు నూటికి కాస్త పైగా ఎకరాలను తడుపుతుంది. ఇది సగటు మాత్రమే. దమ్ము రోజుల్లో ఎక్కువ కావాలి, మళ్లీ చేను పొట్ట దశకొచ్చినప్పుడు తగ్గితే అసలుకే మోసం.

ఫిబ్రవరిలో సహజ ప్రవాహం, సీలేరు కలిపి 7,000 క్యూసెక్కులే వచ్చాయనుకోండి. లోటు 1,700. ఎకరాల్లోకి మారిస్తే లక్షా డెబ్భై అయిదు వేల ఎకరాల పంట.

ఈ లోటును పూడ్చడానికి ఉన్న మార్గాలు నాలుగైదుకు మించవు. దాళ్వా మొదలయ్యే ముందే ఆయకట్టు తగ్గించవచ్చు. అది సలహా మండలి నిర్ణయం. కాలువలకు వంతులు పెట్టవచ్చు. అది ఈఈ, డీఈఈ స్థాయిలో తయారై సంఘాల ద్వారా అమలవుతుంది. మురుగు కాలువల మీద అడ్డుకట్టలు వేసి, ఇంజిన్లతో ఆ నీళ్లు తోడి చేలకు తిరిగి పెట్టవచ్చు. దానికి డబ్బు మంజూరు కావాలి. సీలేరు నుంచి ఎక్కువ వదలమని కోరవచ్చు. అది ప్రభుత్వ స్థాయిలో కరెంటు వాళ్లతో మాట్లాడుకోవలసిన వ్యవహారం. రైతులు నారుమడుల బదులు వెదజల్లు పద్ధతిలో వేసి పంటకాలం తగ్గించుకోవచ్చు. అది రైతు చేతిలో, వ్యవసాయ శాఖ చేతిలో ఉంది.

వీటిలో అన్నిటికన్నా బాగా పనిచేసేది మొదటిది. అన్నిటికన్నా కష్టమైనదీ అదే. నదిలో ఎంత రావచ్చో అంచనా వేసే ఇంజినీరు నవంబరులోనే ఈసారి ఫలానా కాలువ శివారుకు, అంటే చివరి పొలాలకు, దాళ్వా వద్దు అని చెప్పాలి. ఆ మాట సభలో ఎవరికీ ఇష్టం ఉండదు. చెప్పకుండా ఉంటే ఆ రోజు సభ ప్రశాంతంగా ముగుస్తుంది, ఫిబ్రవరిలో రైతు పెట్టుబడి పోతుంది. నా దృష్టిలో ఈ రంగంలో నాయకత్వానికి అసలు పరీక్ష ఇదే. నవంబరులో ఆ అంకెను గట్టిగా చెప్పగల ఎస్‌ఈ, విని ఒప్పుకోగల ప్రజాప్రతినిధి, తన ఊరివాళ్లకు నచ్చజెప్పగల సంఘం అధ్యక్షుడు, ముగ్గురూ కావాలి. ఒక్కరు లేకపోయినా మిగతా ఇద్దరి మాట నిలవదు.

## శివారుకు నీళ్లెందుకు చేరవు

పైన సరిపడా నీళ్లున్న రోజుల్లో కూడా శివారు ఎండుతుంది. దీనికి ఇంకో చిన్న లెక్క చాలు.

ఒక పిల్ల కాలువ మీద అయిదు సంఘాలు వరసగా ఉన్నాయి. ఒక్కొక్కదాని కింద వెయ్యి ఎకరాలు, ఒక్కొక్కదానికి 10 క్యూసెక్కులు రావాలి. కాలువ తల దగ్గర ఇంజినీరు సరిగ్గా 50 క్యూసెక్కులు వదిలారు. రిజిస్టరులో గేజీ (నీటిమట్టం కొలత) అంకె తప్పులేకుండా ఉంది. మొదటి మూడు సంఘాల వాళ్లు రాత్రి తూములు కొంచెం ఎక్కువ ఎత్తుకుని 13 చొప్పున తీసుకున్నారు. మూడు చోట్లా కలిపి 39 పోయాయి. నాలుగో సంఘం న్యాయంగా తన 10 తీసుకుంది. అయిదో సంఘానికి మిగిలింది ఒక్క క్యూసెక్కు.

ఎగువ రైతు తనకు తాను పెద్ద తప్పు చేసినట్టు అనుకోడు. వంతు కన్నా మూడే కదా ఎక్కువ. కానీ ఆ మూళ్లన్నీ చేరి శివారు రైతుకు పదిలో తొమ్మిది పోయాయి. దీనికి తోడు కాలువ పూడిక, గుర్రపుడెక్క, గట్లలోంచి ఊరిపోయే నీరు, అన్నిటి దెబ్బా చివరివాడి మీదే పడుతుంది.

ఇప్పుడు ఈ సమస్యను పరిష్కరించే ఉద్యోగం ఏది? పెద్ద డిగ్రీలు అక్కర్లేదు. ప్రతి తూము దగ్గర కొలత ఉండాలి, రాత్రి తిరిగే లస్కరు ఉండాలి, ఎగువ ఊరి పెద్దతో మాట్లాడగల అధ్యక్షుడు ఉండాలి. లస్కర్లు చాలడం లేదని రైతులు, ఇంజినీర్లు ఇద్దరూ చెబుతూనే ఉన్నారు. కింది మెట్టు బలహీనంగా ఉంటే తల దగ్గర ఎంత కచ్చితంగా నీళ్లు వదిలినా ఫలితం కనిపించదు.

## నీటి రంగంలోకి వచ్చే దారులు

ఇంజినీరింగ్ చదివిన వాళ్లకు ముందు గుర్తొచ్చేది ఏపీపీఎస్సీ ఏఈఈ ఉద్యోగం. నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో అని ఏళ్ల తరబడి టెన్షన్ పడేవాళ్లున్నారు. అది ఒక్కటే దారి కాదు.

యూపీఎస్సీ నిర్వహించే ఇంజినీరింగ్ సర్వీసెస్ పరీక్షలో సివిల్ విభాగం నుంచి కేంద్ర జల ఇంజినీరింగ్ సర్వీసులోకి వెళ్లవచ్చు. వీళ్లు కేంద్ర జల సంఘంలో పనిచేస్తారు. నదుల మీద గేజీ స్టేషన్లు నడపడం, వరద అంచనాలు ఇవ్వడం, రాష్ట్రాలు పంపిన ప్రాజెక్టు నివేదికలను పరిశీలించడం దాని పని. భద్రాచలంలో ఇన్ని అడుగులు అని టీవీలో కనిపించే అంకె వెనక ఉన్న యంత్రాంగం అదే. స్టాఫ్ సెలక్షన్ కమిషన్ పెట్టే జేఈ పరీక్ష ద్వారా కూడా ఆ సంస్థలోకి వెళ్లవచ్చు.

పరిశోధన ఇష్టమైతే డెల్టా పిల్లలు దూరం వెళ్లనక్కర్లేదు. రూర్కీలోని జాతీయ జలవిజ్ఞాన సంస్థకు డెల్టాల అధ్యయనం కోసమే కాకినాడలో ప్రాంతీయ కేంద్రం ఉంది. ఉప్పునీరు ఎంత లోపలికి చొచ్చుకొస్తోంది, భూగర్భ జలం ఎలా మారుతోంది వంటి ప్రశ్నలు అక్కడివి. ఇంకో సంగతి గుర్తు చేసుకోదగ్గది: రూర్కీలో ఇంజినీరింగ్ కళాశాల గంగా కాలువ పనుల అవసరం కోసం పుట్టింది 1847లోనే, ధవళేశ్వరంలో ఆనకట్ట పని మొదలైన ఏడాదే. ఈ దేశంలో ఇంజినీరింగ్ చదువు తొలి రోజుల నుంచీ నీటితో ముడిపడి ఉంది.

జియాలజీ చదివినవాళ్లకు రాష్ట్ర భూగర్భ జల శాఖ ఉంది. తాగునీటి వైపు వెళ్లాలనుకుంటే గ్రామీణ నీటి సరఫరా, పురపాలక ప్రజారోగ్య ఇంజినీరింగ్ విభాగాలున్నాయి. డెల్టాలో ఇవి సాగునీటి నుంచి విడిగా ఉండవు. వేసవిలో కాలువలు కట్టేసే ముందు ఊరి మంచినీటి చెరువులు నింపుకోవాలి, లేకపోతే ఆ రెండు నెలలూ ట్యాంకర్లే దిక్కు. ప్రైవేటు కన్సల్టెన్సీల్లో ప్రాజెక్టు నివేదికలు రాసే పని, కంప్యూటర్ నమూనాలతో వరద ఎక్కడిదాకా వస్తుందో చూసే పని, ఉపగ్రహ చిత్రాలతో ఏ పంట ఎన్ని ఎకరాల్లో ఉందో లెక్కగట్టే పని పెరుగుతున్నాయి. ఇవి నేర్చుకున్నవాళ్లకు గిరాకీ ఉంది. ఈ నైపుణ్యాలతో ప్రభుత్వంలోకి వచ్చినవాళ్లకు మాత్రం వాటిని వాడే సీటు దొరకడం అదృష్టం మీద ఆధారపడుతోంది. బదిలీ అయితే నమూనాలు వేసే మనిషి బిల్లులు రాసుకుంటూ కూర్చోవాల్సి రావచ్చు.

## కట్టడం వేరు, నడపడం వేరు

తెలుగు ఇంజినీర్ల పేర్లు చెప్పమంటే చాలామంది కానూరి లక్ష్మణరావు గారి పేరు చెబుతారు. కృష్ణా జిల్లా కంకిపాడులో 1902లో పుట్టి, గిండీలో చదివి, ఇంగ్లండులో డాక్టరేటు చేసి, కేంద్రంలో నీటిపారుదల, విద్యుత్ శాఖ మంత్రి అయ్యారు. ఇంజినీరు దేశ విధానాన్ని నడిపించగలడనడానికి ఆయనే సాక్ష్యం. కాటన్ గురించి చెప్పనే అక్కర్లేదు, డెల్టాలో ఆయన విగ్రహం లేని ఊళ్లను లెక్కపెట్టడమే తేలిక.

మన జ్ఞాపకంలో నిలిచేదంతా కట్టినవాళ్లే. కాటన్ 1848లో జబ్బుచేసి సెలవు మీద వెళ్లినప్పుడు ఆనకట్ట పని ఆగలేదు. కెప్టెన్ ఓర్ నడిపించారు. స్థానికంగా కూలీలను కూడగట్టి పని ముందుకు తీసుకెళ్లిన వీణం వీరన్న పేరు ధవళేశ్వరం చుట్టుపక్కల ఇప్పటికీ గౌరవంగా చెప్పుకుంటారు. ఇక ఆ తర్వాత నూట డెబ్భై ఏళ్లుగా ఏటా కాలువలు కట్టేసి, పూడిక తీసి, లాకులు బాగుచేసి, మళ్లీ జూన్‌లో నీళ్లు వదిలినవాళ్ల పేర్లు ఎవరికీ తెలియవు.

ఇది కేవలం గుర్తింపు సంగతి కాదు, డబ్బు సంగతి కూడా. తొంభయ్యవ దశకంలో సవరించిన రేట్ల ప్రకారం నీటి తీరువా (నీటి పన్ను) ఎకరానికి సార్వాకు, అంటే ఖరీఫ్ పంటకు, 200 రూపాయలు, రెండో పంటకు 150. పది లక్షల ఎకరాల సార్వా, తొమ్మిది లక్షల ఎకరాల దాళ్వా మీద ఆ రేటున పైసాతో సహా వసూలైనా మొత్తం 33 కోట్ల 50 లక్షలు. ఇన్ని వందల మైళ్ల కాలువలు, వేల తూములు, లాకులు, గట్ల మరమ్మతులకు అది ఏ మూలకు వస్తుంది? పైగా వసూలు చేసేది రెవెన్యూ శాఖ, ఖర్చు పెట్టాల్సింది జలవనరుల శాఖ. కొత్త ప్రాజెక్టుకు వేల కోట్లు దొరుకుతాయి, శంకుస్థాపన ఉంటుంది, శిలాఫలకం ఉంటుంది. పాత తూముకు కొత్త తలుపు బిగిస్తే ఎవరూ రిబ్బను కత్తిరించరు. తెలివైన యువ ఇంజినీరు నిర్మాణం పోస్టింగు కోరుకోవడంలో ఆశ్చర్యం లేదు. డెల్టా మాత్రం బతికేది నిర్వహణ మీద.

## ఎవరి మాట చెల్లాలి?

నీటి విషయంలో చివరి మాట ఇంజినీరుదే కావాలని కొందరంటారు. నదిలో ఎంత వస్తుందో, కాలువ ఎంత మోయగలదో లెక్క తెలిసింది వాళ్లకే. లెక్కకు విరుద్ధంగా ఇచ్చిన హామీ ఎంత పెద్ద నాయకుడిచ్చినా నీళ్లు పుట్టించదు. ఈ వాదనలో బలం ఉంది. కానీ ఎవరికి తగ్గించాలన్నది లెక్కతో తేలదు. మధ్య డెల్టాకు తగ్గించాలా, పశ్చిమ డెల్టాకా? వరికా, రొయ్యల చెరువులకా, తాగునీటికా? ఇది న్యాయానికి సంబంధించిన ప్రశ్న, దానికి ఇంజినీరు ఒక్కడే జవాబుదారీ కాలేడు.

అందుకే కలెక్టరు అధ్యక్షత వహించాలని ఇంకో వాదన. రెవెన్యూ, వ్యవసాయం, తాగునీరు, కరెంటు, పోలీసు అందరినీ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టగలిగేది కలెక్టరే. లోపం ఏమిటంటే కలెక్టరు ఒకటి రెండేళ్లకు మారిపోతారు. కాలువ స్వభావం తెలుసుకునే లోపే బదిలీ ఉత్తర్వు వస్తుంది.

రైతుల చేతికే ఇవ్వాలన్నది 1997 చట్టం వెనక ఉన్న ఆలోచన. తన పొలానికి నీళ్లు తెచ్చే బోదె సంగతి రైతుకన్నా బాగా ఎవరికి తెలుసు? మంచి సంఘాలున్న చోట వంతులు గొడవ లేకుండా సాగుతాయి. విమర్శలూ తక్కువేం కాదు. సంఘం అంటే పనుల కాంట్రాక్టు అనుకునేవాళ్లున్నారు. పార్టీల పట్టు ఉంది. నాకు వీటన్నిటికన్నా పెద్దదిగా కనిపించే లోపం వేరే ఉంది. ఓటర్ల జాబితా భూమి రికార్డుల నుంచి తయారవుతుంది. డెల్టాలో నిజంగా నీళ్లు పెట్టేది చాలావరకు కౌలు రైతు. భూమి యజమాని హైదరాబాదులో ఉండవచ్చు, అమెరికాలో ఉండవచ్చు. ఓటు ఆయనది, ఎండిపోయిన చేను ఈయనది. అలాగే పొలం భార్య పేరున ఉన్నా సమావేశానికి వచ్చేది భర్తే. నీటి సంఘాన్ని నీళ్లు వాడేవాళ్ల సంఘం అనాలంటే ముందు ఈ జాబితా మారాలి.

## మురుగు కాలువ సంగతి

నీళ్లు పెట్టడం సగం పనే, తీయడం మిగతా సగం. డెల్టా నేల పల్లం, సముద్రం పక్కనే. సార్వాలో భారీ వాన పడితే ఆ నీరంతా మురుగు కాలువల్లోంచే పోవాలి: కోనసీమలో కౌశిక, తూర్పున తుల్యభాగ, పశ్చిమాన యనమదుర్రు. వీటిలో పూడిక, తూడు, ఆక్రమణలు, సముద్రం కలిసే మొగల దగ్గర ఇసుక మేటలు. కొన్ని చోట్ల నీరు వారాల తరబడి చేలల్లోనే నిలుస్తుంది.

2011 సార్వాలో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు. గిట్టుబాటు ధర, కూలీల కొరత, ఖర్చులు ఉన్నాయి నిజమే. వాటితో పాటు ముంపు కూడా ఒక కారణంగా రైతులు గట్టిగా చెప్పారు. ప్రభుత్వం మోహన్ కందా కమిటీని వేసింది. దేశానికి అన్నం పెట్టే నేలలో రైతు వరి వేయనంటే, నీళ్లు లేకపోవడం కారణం కాదు, నీళ్లు పోకపోవడం ఒక కారణమని గుర్తించాలి. అయినా డ్రెయిన్ల డివిజన్ పోస్టింగుకు కాలువల డివిజన్‌కు ఉన్నంత ఆకర్షణ లేదు. ఎగువ ఊరి మురుగు దిగువ ఊరికి ముంపు కాబట్టి, ఇక్కడ పనిచేసే ఇంజినీరుకు ఒక్క సంఘంతో మాట్లాడితే సరిపోదు. రొయ్యల చెరువుల ఉప్పునీరు డ్రెయిన్లోకి వదిలితే, అదే డ్రెయిన్ నుంచి దాళ్వాలో ఇంజిన్ పెట్టుకునే రైతు చేను దెబ్బతింటుంది. వరి రైతూ, ఆక్వా రైతూ చాలాసార్లు ఒకే ఊరివాళ్లు, ఒక్కోసారి ఒకే ఇంటివాళ్లు.

## వరద రోజుల్లో గీతలు చెరిగిపోతాయి

ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. భద్రాచలంలో ఇవి 43, 48, 53 అడుగులు. భద్రాచలం దాటిన వరద ధవళేశ్వరం చేరడానికి సుమారు ఒక రోజు పడుతుంది. ఆ ఒక రోజే డెల్టాకు దొరికే వ్యవధి. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులకు పైగా పారింది. 2022 జూలైలో 25 లక్షలు దాటింది.

ఆ రోజుల్లో నాయకత్వం వేరేగా ఉంటుంది. ఏటిగట్టు ఎక్కడ పల్లంగా ఉందో, ఎక్కడ నీరు ఊరుతోందో గట్టు మీద తిరిగినవాళ్లకే తెలుసు. పైనుంచి ఆదేశం వచ్చేదాకా ఆగితే గండి పడుతుంది. ఏఈ అక్కడికక్కడే ఇసుక బస్తాలు వేయించాలి, సర్పంచి మనుషుల్ని పిలవాలి, కలెక్టరు లంక గ్రామాల వాళ్లను తరలించాలి. మామూలు రోజుల్లో ఫైలు కోసం నెలలు తిరిగే అదే యంత్రాంగం వరదలో గంటల్లో కదులుతుంది. కింది స్థాయి ఇంజినీరుకు నిర్ణయం తీసుకునే స్వేచ్ఛ, కళ్లముందు కనిపించే ప్రమాదం, ఊరివాళ్ల తోడు, మూడూ ఒకేసారి దొరకడమే దానికి కారణమని నేననుకుంటాను. దాళ్వా నీటి కొరత కూడా వరదలాగే అత్యవసరమే. అది మెల్లగా వస్తుంది కాబట్టి ఆ స్వేచ్ఛ ఎవరూ ఇవ్వరు.

## పోలవరం నిలబడ్డాక ఏం మారుతుంది

ధవళేశ్వరానికి ఎగువన పోలవరం పూర్తయితే డెల్టా పైన తొలిసారి పెద్ద నిల్వ వస్తుంది. డిజైను ప్రకారం 194 టీఎంసీలు, వరద నీరు వదిలే స్పిల్‌వేకు 48 గేట్లు, 960 మెగావాట్ల జలవిద్యుత్. 2020 వరదల్లో దెబ్బతిన్న డయాఫ్రం వాల్ (డ్యాం కింద నీరు ఊరిపోకుండా నేలలో కట్టే గోడ) బదులు కొత్తది కట్టే పని 2025 జనవరిలో మొదలైంది.

నిల్వ ఉంటే దాళ్వాలో డెల్టా సీలేరు వైపు చూడటం తగ్గుతుందని ప్రాజెక్టును సమర్థించేవాళ్లంటారు. ఆ నీటి మీద హక్కు అడిగేవాళ్లు కూడా పెరుగుతారని డెల్టా రైతుల్లో ఒక భయం ఉంది. కుడి కాలువ కృష్ణా వైపు, ఎడమ కాలువ విశాఖ వైపు వెళ్తాయి. 24 పంపులతో 8,500 క్యూసెక్కులు ఎత్తే పట్టిసీమ ఇప్పటికే కృష్ణా డెల్టాకు గోదావరి నీళ్లు పంపుతోంది. దాన్నింకా దక్షిణానికి, రాయలసీమ దాకా తీసుకెళ్లే ప్రతిపాదనల మీద తెలంగాణ అభ్యంతరం చెబుతోంది. నీళ్లు వృథాగా సముద్రంలోకి పోతున్నాయన్నది ఒక పక్షం మాట. నదిలో కొంత నీరు, దానితో వచ్చే ఒండ్రు సముద్రం దాకా పోకపోతే ఉప్పునీరు లోపలికి వస్తుందని, కోరంగి మడ అడవులు, వరద నీటికి ఎదురీదే పులస చేప దెబ్బతింటాయని ఇంకో పక్షం. జూలై వరదలో కొంత మళ్లించడం, జనవరి ప్రవాహంలో మళ్లించడం ఒకటి కాదు. ఏ నెల నీటి గురించి మాట్లాడుతున్నారో చెప్పకుండా సాగే చర్చ ఎటూ తేలదు.

ఉద్యోగాల వైపు నుంచి చూస్తే మార్పు ఇంకో రకంగా ఉంటుంది. ఇన్నాళ్లూ ధవళేశ్వరం ఇంజినీరు పని వచ్చిన నీళ్లను పంచడం. రిజర్వాయరు వచ్చాక ఎప్పుడు, ఎంత వదలాలన్నది పైన తేలుతుంది. కేంద్రం ఏర్పాటు చేసిన పోలవరం ప్రాజెక్టు అథారిటీ, గోదావరి నదీ యాజమాన్య బోర్డు, రాష్ట్ర ప్రభుత్వం, ఇన్ని చేతులుంటాయి. ఆ బల్ల దగ్గర డెల్టా తరఫున కూర్చునే మనిషికి ప్రతి కాలువ తల దగ్గర ఎంత తీసుకున్నామో, శివారుకు ఎంత చేరిందో, మురుగులోకి ఎంత పోయిందో రోజువారీ లెక్క చేతిలో ఉండాలి. ఆ లెక్క తయారయ్యేది సెక్షన్ ఆఫీసుల్లో, గేజీల దగ్గర. ఇప్పుడు ఉద్యోగంలో చేరుతున్న ఏఈఈలు ఎస్‌ఈలు అయ్యే నాటికి డెల్టా వాదనంతా ఆ రిజిస్టర్ల మీదే నిలబడాల్సి ఉంటుంది.